21 మెట్లు, ఒక తివాచీ: కోనసీమ ఇంట్లో చేసిన పని, కేస్ స్టడీ

2023 ఆషాఢంలో ఒక పొద్దున రావులపాలెంలో కొట్టు తెరుస్తుంటే ఫోను వచ్చింది. మాట్లాడింది డెబ్బై దాటిన విశ్రాంత ఉపాధ్యాయిని. "మెట్ల మీద పరిచే పొడుగు తివాచీ మా పెద్దబ్బాయి ఏదో బొమ్మ చూసి తెప్పించాడు బాబూ. రెండు నెలలకే ఊడింది. దాని మీదే జారాను. వచ్చి సరిచేస్తావా, పీకి పారేస్తావా?" అరచేయి వాచిందట, ఎముక విరగలేదట. ఆ వివరం ఆవిడ చివర్లో చెప్పారు, అదీ నేను అడిగితేనే.

పరదాలు, సోఫా గుడ్డలు, నేల తివాచీలు అమర్చడం నా పని. మెట్ల తివాచీ అడిగేవాళ్ళు మా వైపు తక్కువ. అడిగినవాళ్ళలో సగం మందికి వద్దని చెప్పి పంపిస్తాను. ఈ ఇంట్లో మాత్రం వద్దనలేకపోయాను, ఎందుకో చెబుతాను.

ఇల్లు అమలాపురం నుంచి ముక్తేశ్వరం వెళ్ళే వైపు, గౌతమి ఏటిగట్టుకు దగ్గరలో ఉంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీలో 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో గోదావరి ఆ గీత దాటి చాలా దూరం పోయింది. ఆ వరదలో ఈ ఇంటి హాల్లోకి నీళ్ళు వచ్చి రెండో మెట్టు దాకా నిలిచాయి. తర్వాత గోడకు రంగు వేయించినా ఆ గీత లీలగా కనిపిస్తూనే ఉంది. అప్పటి నుంచి టీచరు గారు పడక పైఅంతస్తుకు మార్చుకున్నారు. కింద వంటిల్లు, పైన పడక. రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగక తప్పదు. నల్ల గ్రానైటు మెట్లేమో అద్దంలా మెరుస్తున్నాయి.

ముందు మెట్లు లెక్కపెట్టాను. మొదటి వరసలో 11, మధ్యలో చదును, అక్కడి నుంచి వెనక్కి తిరిగి 10. మొత్తం 21. మేస్త్రీ "లాభం, నష్టం, లాభం" అని లెక్కపెట్టి చివరి మెట్టు లాభంలో పడేలా కట్టాడని ఆవిడే నవ్వుతూ చెప్పారు. కొలతలు కూడా బాగానే పెట్టాడు. అడుగు వేసే పలక పదిముప్పావు అంగుళాలు, నిలువు పలక ఆరుంపావు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇళ్ళకు చెప్పేది అడుగు పలక 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, నిలువు 190కి మించకూడదని. అంటే మెట్ల కట్టుబడిలో తప్పు లేదు. తప్పంతా రాయి నునుపులోనూ, దాని మీద పరిచిన గుడ్డలోనూ ఉంది.

పాత తివాచీ వెన్నుకు, అంటే అడుగువైపుకు, రబ్బరు పూత ఉన్న మిషను నేత సరుకు, నిండా పూలు, లతలు. దాన్ని రెండువైపుల జిగురుండే టేపుతో రాతికి అంటించారు. అంటించినవాడిని నేను తప్పు పట్టను, వాడి చేతికిచ్చిన వస్తువు అది. బొమ్మలో కనిపించే మెట్లు చెక్కవి. అక్కడ వాలుగా మేకులు పొదిగిన సన్నటి చెక్కపట్టీని మెట్టు మూలలో దిగగొట్టి, తివాచీని దాని మీదికి లాగి తగిలిస్తారు, లేదా పెద్ద స్టేప్లర్‌తో కొడతారు. మన మెట్లు కాంక్రీటు మీద రాయి. మేకు దిగదు, పిన్ను దిగదు, కాబట్టి జిగురే దిక్కవుతుంది. పాలిషు చేసిన రాతి మీద కంటికి కనపడని మైనం, దుమ్ము పొర ఉంటుంది. టేపు రాతిని కాకుండా ఆ పొరను పట్టుకుంటుంది. అందులోనూ కోనసీమ గాలి. శ్రావణంలో అప్పడాలు డబ్బా మూత తీస్తే పది నిమిషాల్లో మెత్తబడే చోట ఏ జిగురు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

పీకితే కింద రాయి తడిగా ఉంది. రబ్బరు వెన్ను పొడి పొడిగా రాలింది, ముక్క వాసన వేసింది. జిగురు మరకలు టర్పెంటైనుతో, ప్లాస్టిక్ గీకుడుబద్దతో వదిలించడానికే ఒకటిన్నర రోజు పట్టింది.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. అంతకు రెండేళ్ళ ముందు మరో ఇంట్లో నేనే జనపనార తివాచీని జిగురుతో వేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వినాయక చవితి నాటికి ఆ ఇంటివాళ్ళు ముక్కు మూసుకుని నాకు ఫోను చేశారు. జనపనార తడిస్తే పసుపు మరకలు తేలుతుంది, బలం తగ్గుతుంది, పైగా అంటించేశాను కాబట్టి తీసి ఎండబెట్టే దారి లేదు. ఆ రోజు పెట్టుకున్న నియమమే ఈ పనికి పునాది: మా డెల్టాలో మెట్ల తివాచీ వేయడం ఎంత తేలికో తీయడమూ అంత తేలిక కావాలి. రంగు, నేత, ధర ఆ తర్వాతి మాట.

రెండోసారి వెళ్ళినప్పుడు కొలతల టేపు తీయకముందే టీచరు గారిని ఒకసారి మామూలుగా ఎక్కి దిగమన్నాను. తర్వాత దీపాలు ఆర్పించి, టార్చిని మెట్టుకు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టాను. నల్ల గ్రానైటులో ఒక సుగుణం ఉంది, వాలుగా వెలుగు పడితే చెప్పుల్లేని పాదాల గుర్తులన్నీ తెల్లగా లేస్తాయి. ప్రతి మెట్టు మీదా ఒకే వరస. ఒక పాదం రెయిలింగుకు అయిదారంగుళాల దూరంలో, రెండోది దాని పక్కనే. మెట్టు మధ్యభాగంలో మనవడి చిన్న పాదాలు తప్ప ఏమీ లేవు. ఆ మెట్లకు రెయిలింగు ఒకవైపే ఉంది. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ఆవిడ అదే పట్టుకుంటారు కాబట్టి ఎప్పుడూ అటువైపే నడుస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. మెట్టు వెడల్పు గోడ నుంచి రెయిలింగు దాకా 42 అంగుళాలు. బజారులో దొరికే మెట్ల తివాచీకి ఎప్పటి నుంచో వస్తున్న వెడల్పు 27. దాన్ని మధ్యలో పరిస్తే రెండు పక్కలా ఏడున్నర అంగుళాల రాయి మిగులుతుంది. అంటే తివాచీ అంచు సరిగ్గా ఆవిడ పాదం కిందనుంచి పోతుంది. సగం పాదం గుడ్డ మీద, సగం రాతి మీద. ఉత్త రాయి కంటే అదే ప్రమాదం. పాత తివాచీ 27 అంగుళాలదే. ఆవిడ జారింది కూడా అంచు మీదే.

అందుకని 33 అంగుళాల వెడల్పు పెట్టాను. అంతటితో ఆగకుండా రెయిలింగు వైపు మూడంగుళాలు, గోడవైపు ఆరు వదిలి, తివాచీని కావాలనే పక్కకు జరిపాను. చిన్నకోడలు గారికి నచ్చలేదు. "మధ్యలో లేకపోతే వంకరగా కనపడదాండీ?" అన్నారు. అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి వీడియో కాల్లో అదే మాట అన్నాడు. టీచరు గారు కుర్చీలోంచే తేల్చేశారు: "ఎక్కి దిగేది నా కాళ్ళు. వాటికి తగ్గట్టు వేయనీ."

నార సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. టీచరు గారికి మొదట ఉన్న కోరిక అంబాజీపేట కొబ్బరిపీచు. ఊరి సరుకు, చవక, తడిని ఓర్చుకుంటుంది. కాదనడానికి నాకూ మనసు రాలేదు. కానీ పీచు చాప గరుకు. ఇంట్లో చెప్పులు వేసుకోని మనుషుల మడమలకు అది రంపం. దళసరి కావడంతో మెట్టు ముక్కు, అంటే ముందంచు, దగ్గర వంగక పైకి ఉబ్బుతుంది. ముక్కు దగ్గర ఉబ్బిన తివాచీ పడదోసే తివాచీ. పీచును గుమ్మం ముందు పెట్టుకుందామని సర్దిచెప్పాను.

ఏలూరు తివాచీ గురించి కోడలు గారు అడిగారు. ఏలూరు ఉన్ని తివాచీలకు పేరుంది, హాల్లో పరిస్తే ఇంటికే అందం. మెట్ల మీదికి మాత్రం నేను సాహసించను. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. చలిదేశంలో అది గొప్ప గుణం, మా వర్షాకాలంలో మోసం. పైగా చీకటి మూలల్లో పురుగు ఉన్నిని తింటుంది. పాలీప్రొపిలీన్ తడిని దాదాపుగా పీల్చదు, చవక, కానీ నలిగితే మళ్ళీ లేవదు, నూనె మరక పట్టిందంటే వదలదు. వంటింట్లోంచి నేరుగా మెట్లెక్కే ఇంట్లో ఆ ముక్కు అంచులు ఏడాదికే చదునైపోతాయి. చివరికి నైలాను దగ్గర ఆగాను. కొంచెం తేమ తీసుకుంటుంది కానీ త్వరగా ఆరుతుంది, నలిగిన నూగు, అంటే తివాచీ పైకి నిలిచే దారాలు, మళ్ళీ లేచి నిలబడుతుంది.

నూగులోనూ రెండు రకాలు. దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉండేది ఒకటి, కొసలు కత్తిరించినది ఒకటి. ఉచ్చుల రకం ఎక్కువ మన్నుతుందని కంపెనీ పుస్తకాలు చెబుతాయి, నిజమే. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మెట్టెలు పెట్టుకున్న కాళ్ళను చూసి ఉండరు. మెట్టె కొన ఒక ఉచ్చులో తగులుకుంటే ఒక వరస దారం లేస్తుంది, లేదా మనిషి తూలుతుంది. చంటిపిల్లల పట్టీల మువ్వలూ అంతే. ఆడవాళ్ళున్న ఇంట్లో మెట్లకు కత్తిరించిన నూగే వేస్తాను. ఎత్తు ఏడు మిల్లీమీటర్లకు మించకుండా, వేలితో విడదీస్తే వెన్ను కనపడనంత ఒత్తుగా ఉన్నది ఎంచాను. మెట్టు ముక్కు మీద మడిచి చూస్తే నూగు విచ్చుకుని వెన్ను తెల్లగా బయటపడకూడదు. కొట్లో తివాచీని బల్ల అంచు మీద మడిచి చూడటం కంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

రంగు దగ్గర ఇంట్లో ఒకరు ఎర్రంచు మెరూన్ కావాలన్నారు, ఇంకొకరు బూడిదరంగు కావాలన్నారు. నేను గోధుమరంగు సాదాది, ముదురు అంచుతో తీసుకున్నాను. టీచరు గారికి ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది ఇంకా తీయలేదు. పూలూ లతలూ ఉన్న తివాచీ మీద మెట్టు అంచు ఎక్కడుందో అలాంటి కంటికి తెలియదు, అంతా ఒకే పూలతోటలా కనిపిస్తుంది. సాదా రంగైతే ముక్కు దగ్గర నీడ గీతలా పడుతుంది.

కొలత మామూలు టేపుతో తీయను. మెత్తటి తాడును ఒక మెట్టు మూల నుంచి ముక్కు మీదుగా కింది మెట్టు మూల దాకా, అడుగున వేసే మెత్త మందంతో సహా పరిచి కొలుస్తాను. ఇక్కడ మెట్టుకు పదిహేడున్నర అంగుళాలు వచ్చింది. మొదటి వరసకు పది మెట్లు (పదకొండో మెట్టంటే చదునే), పైన ఒక నిలువు పలక, కలిపి 15 అడుగుల పైచిలుకు. రెండో వరసకు అలాగే తొమ్మిది మెట్లు (పదోది పైఅంతస్తే), పదమూడు ముప్పావు అడుగుల లోపు. దీనికి ఒక్కో వరసకు అడుగు పొడవు అదనంగా కలిపాను, పై నిలువు పలక దగ్గర ఆరంగుళాలు, కింద ఆరంగుళాలు లోపలికి మడత. ఇది పాతకాలపు పనివాళ్ళ తెలివి. తివాచీ అరిగేది ముక్కు మీదే. ఏడాదికోసారి మూడు నాలుగంగుళాలు కిందికి జరిపితే అరిగిన చోటు నిలువు పలక మీదికి పోయి, కొత్త చోటు ముక్కు మీదికి వస్తుంది. కోత లెక్కకు 16న్నర, 15 అడుగులు తీసుకున్నాను. పక్క అంచులకు నూలు పట్టీ కుట్టించలేదు. నూలు తడిసి ముడుచుకుంటే అంచంతా కుచ్చులు పోతుంది. నైలాను పట్టీ, పాలిస్టరు దారం వాడాం.

ఇక పట్టు. తీసి వేయగలిగేది కావాలంటే మిగిలిన దారి ఒకటే, మెట్ల రాడ్లు. ప్రతి మెట్టు మూలలో తివాచీ మీదుగా అడ్డంగా ఒక కడ్డీ, దాని రెండు కొసలూ పట్టుకునే బిగింపులు. మేకుల పట్టీలు రాకముందు మెట్ల తివాచీలను పట్టి ఉంచింది ఇవే. ఇప్పుడు చాలాచోట్ల సోకుకు మాత్రం పెడుతున్నారు. నేను వాటికి పాత ఉద్యోగం మళ్ళీ ఇచ్చాను. టీచరు గారు ఇత్తడివి కావాలన్నారు, శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోముకుంటానని. సముద్రపు గాలి తగిలే చోట ఇత్తడి నల్లబడటం ఒక ఎత్తు, మెట్ల మీద వంగి 19 కడ్డీలు తోమడం ఒక ఎత్తు. రెండోదానికే భయపడి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాను. పూజ గదిలో ఇత్తడి చాలదా అన్నాను. "చాలదు" అన్నారు, కానీ ఒప్పుకున్నారు.

రాతికి రంధ్రాలు వేయడమే ఈ పనిలో గుండె దడ పుట్టించే భాగం. 38 బిగింపులు, ఒక్కోదానికి రెండు మరలు, 76 రంధ్రాలు. నిలువు పలకలు సన్నటివి. అంచుకు దగ్గరగా వేస్తే చిట్లుతాయి కాబట్టి ఏ రంధ్రమూ రాతి అంచుకు ఒకటిన్నర అంగుళం లోపల పడకుండా గీతలు గీసుకున్నాం. డ్రిల్లు మిషనులో సుత్తి దెబ్బ మీట ఆపేసి, వజ్రపు మొన బిట్టుతో, నిదానం వేగంలో, మా కుర్రవాడు సీసాలోంచి చుక్క చుక్క నీళ్ళు పోస్తుంటే వేశాను. రాయి దాటి కాంక్రీటులోకి దిగాక మిషను శబ్దం మారుతుంది, కీచుమన్నది కాస్తా బొంగురుపోతుంది. అప్పుడు ఆగి బిట్టు మార్చాలి. తొందరపడి మార్చకుండా పోనిస్తే బిట్టు పోతుంది. మొదటి రోజు అలాగే రెండు పోగొట్టుకున్నాను. రాయి ఒక్కటీ చిట్లలేదు.

ప్రతి అడుగు పలక మీద అయిదు మిల్లీమీటర్ల రబ్బరు మెత్త, ముక్కు చుట్టూ కిందికి తిరిగేలా, తివాచీ కంటే రెండు పక్కలా అంగుళం తక్కువగా కోసి పెట్టాం. ఫెల్టు మెత్త పెట్టలేదు, అది స్పాంజిలా నీరు పడుతుంది. మెత్తలను నాలుగు చుక్కల న్యూట్రల్ సిలికానుతో ఆనించాం. పుల్లటి వాసన వేసే మామూలు సిలికాను లోహాలను తినేస్తుంది, పక్కనే రాడ్లున్నాయి. తివాచీ కింది కొసను నేలకు ఆనించకుండా ఒక అంగుళం పైనే ఆపి స్టీలు పట్టీతో బిగించాను. ముందురోజు రాత్రి మొదటి మెట్టుకు పాలిథిన్ కాగితం అంచులు మూసి అంటించి చూస్తే తెల్లారేసరికి లోపల నీటి బిందువులు పట్టాయి. ఒండ్రునేల చెమ్మ అడుగునుంచి ఎక్కుతోందని అర్థం. చదునులోంచి దిగే మొదటి అంచుకూ, పైఅంతస్తు అంచుకూ తివాచీ రాదు కాబట్టి అక్కడ గరుకు పట్టీలు అంటించాం.

మూడో రోజు సాయంత్రానికి అయిపోయింది. కింద హాల్లో నిలబడి చూసుకుంటే మొదటి వరస గోధుమరంగు, రెండో వరస ముదురు గోధుమరంగు. ఒకే చుట్టలోంచి కోసిన గుడ్డ. అరచేత్తో నిమిరాక గుండె జారింది. కింది వరసలో చేయి పైనుంచి కిందికి నునుపుగా జారుతోంది, పై వరసలో గరుకుగా అడ్డం తగులుతోంది. రెండో ముక్కను తిరగేసి వేశాను. నూగు ఎప్పుడూ మెట్ల కిందివైపుకే వాలాలి. అప్పుడే ముక్కు మీద నూగు కప్పుకుని ఉంటుంది, ఊడిస్తే దుమ్ము కిందికి దిగుతుంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు చేయాల్సిన తప్పు కాదు. జిగురుతో అంటించి ఉంటే ఆ తప్పును అలాగే కప్పిపుచ్చేవాణ్ణేమో. రాడ్లు కాబట్టి రెండు గంటల్లో తీసి తిప్పి వేశాం. ఈసారి వెన్ను మీద మార్కరుతో బాణం గుర్తులు గీసి "కిందికి" అని రాశాను.

నాలుగో రోజు మళ్ళీ వెళ్ళింది తివాచీ కోసం కాదు, ఆ ఇంట్లో పనిచేసే ఆవిడతో మాట్లాడటానికి. మా ఇళ్ళలో మెట్లు రోజూ తడిగుడ్డతో తుడుస్తారు. తివాచీని చంపేది వాన కాదు, ఆ బకెట్టే. "తుడవకపోతే అమ్మగారు ఊరుకోరు బాబూ" అంది ఆవిడ. గుడ్డ గట్టిగా పిండి పక్కల రాతిని మాత్రం తుడవమన్నాను. తివాచీ మీద మెత్తటి చీపురు, వారానికోసారి వాక్యూమ్. వర్షాకాలం వెళ్ళాక ఒకసారి తీసి డాబా మీద నీడపట్టున ఆరేయాలి. తడికాళ్ళతో మెట్లెక్కకుండా ఉండటానికి స్నానాల గది గుమ్మం ముందు నూలు పట్టా వేయించాను. నిజం చెప్పాలంటే జారడం తగ్గడంలో సగం ఘనత ఆ పట్టాదే.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, మొత్తం నలభై వేలకు కొంచెం లోపు. రాడ్లు, బిగింపులు కలిపి దాదాపు తివాచీ ధరంత అయ్యాయి. ఇది విన్నాక చాలామంది నమస్కారం పెట్టి వెళ్ళిపోతారు. అలాంటివాళ్ళకు మెట్టు అంచులకు గరుకు పట్టీలు వేయించుకుని, గోడకు రెండో చేతికడ్డీ పెట్టించుకోమంటాను. అది తక్కువ పని కాదు, చాలా ఇళ్ళకు అదే సరైన పని.

ఏడాది తర్వాత వెళ్ళి చూశాను. ముక్కుల మీద నూగు కాస్త నలిగింది. మడతలోంచి మూడంగుళాలు కిందికి జరిపాం. వెన్ను పొడిగా ఉంది, వాసన లేదు. మొదటి మెట్టు మెత్త మాత్రం చెమ్మకు నల్లబడితే మార్చాను. పక్కకు జరిపి వేసిన సంగతి వచ్చిన చుట్టాలెవరూ పట్టుకోలేదని కోడలు గారే చెప్పారు.

ఆ వానల్లోనే వరద హెచ్చరికలు వినగానే టీచరు గారు ఫోను చేశారు, నేను వెళ్ళలేని రోజు. చిన్నబ్బాయి ఊళ్ళో లేడు. కోడలు గారూ, పనిచేసే ఆవిడా కలిసి రాడ్లు లాగి, కింది వరస తివాచీ చుట్టి పైకి మోశారట. ఇరవై నిమిషాలు పట్టిందన్నారు. నీళ్ళు ఈసారి గుమ్మం దాకా రాలేదు. వారం తర్వాత బాణం గుర్తులు చూసుకుని వాళ్ళే మళ్ళీ వేసుకున్నారు, నూగు సరిగ్గానే ఉంది. ఒక రాడ్డు కొసన ఉండే గుండ్రటి మూత మాత్రం కనిపించడం లేదు. మనవడి బొంగరాల డబ్బాలో వెతకమన్నాను.